ఎండలో పెట్టిన నూనె

ఉగాది వెళ్లిన మర్నాడు నరసరాజు గారి ఫియట్‌కి ఇంజన్ ఆయిల్ మార్చడం మా షెడ్డులో ఆనవాయితీ. పండగ రోజు పొద్దున్నే మా ఆయన వేణుమాధవ్ ఒక తెల్ల డబ్బా తెచ్చి రేకుల మీద ఎండలో పెట్టేవాడు. దాని మీద పేరు ఉండదు, బొమ్మ ఉండదు. మధ్యాహ్నం దించి, మూత తీసి, చూపుడు వేలు ముంచి పైకెత్తేవాడు. మొదటి బొట్టు రాలేది. రెండో బొట్టు వేలి కొసన ఊరి, బరువెక్కి, రాలేదాకా పైకే లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు. మూడు దాకా నిలిస్తే ఆ వేలు గుడ్డకు తుడుచుకుని "ఇగ ఫికర్ లేదు" అనేవాడు. నిలవకపోతే డబ్బా వెనక్కి పోయేది.

ఎండలో ఎందుకు పెడతాడో నేనెప్పుడూ అడగలేదు. పెళ్లయిన ఐదేళ్లలో అడగాల్సినవి చాలా అడగలేదు. అడగడానికి మనిషి ఎప్పుడూ ఉంటాడనుకున్నాను.

ఆ ఫియట్ అరవైమూడో సంవత్సరంది. నరసరాజు గారి నాన్నగారు భీమవరంలో ఉన్నప్పుడు కొన్నారట. తర్వాత వాళ్లు వ్యాపారం కోసం ఇక్కడికి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. తిరుమలగిరిలో రోడ్డు పక్కన ఆయనకు కొంచెం జాగా ఉంది. మా షెడ్డు ఆ జాగాలోనే. షెడ్డు వెనక ఒక గది, అదే మా ఇల్లు. పన్నెండేళ్ల కింద ఆయన మా ఆయనతో ఒక్క మాట అన్నారు. "నా బండి నడిచినంత కాలం నువ్వు ఇక్కడే ఉండు వేణూ." కిరాయి అడగలేదు, కాయితం రాసుకోలేదు. ఆ మాట మీదే మేం కాపురం చేస్తున్నాం.

ఈ ఏడు ఉగాదికి ఇరవై రోజులుందనగా ఒక మధ్యాహ్నం మా ఆయన చేతిలోంచి పానా జారింది. తీసుకుందామని వంగినవాడు వంగినట్టే పక్కకు ఒరిగాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. డాక్టరు కాయితం మీద తలకాయ బొమ్మ గీసి చూపించాడు. రక్తం చిక్కబడి లోపల దారి మూసుకుపోయిందట. పలచబడటానికి మందు రాశాం, ఒక్క పూట కూడా మానొద్దు అన్నాడు. మేం చెప్పేది ఆయనకు అర్థమవుతుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేం, చూద్దాం అన్నాడు.

ఇంటికి తెచ్చాక ఆయన నోట "ఊ" తప్ప ఏమీ రాలేదు. అన్నం పెడితే ఊ. ఫ్యాన్ ఆగితే ఊ. మూడేళ్ల హిమజ వచ్చి కడుపు మీద పడుకుంటే కూడా అదే ఊ. మా అత్త లచ్చమ్మ మెదక్ నుంచి వచ్చి మంచం పక్కన కూచుంది. నేను ఆయన కళ్లలోకి చూసి, లోపల మనిషి ఉన్నాడా అని వెతికేదాన్ని. కొన్నిసార్లు ఉన్నట్టే ఉండేది. కొన్నిసార్లు ఆ కళ్లు ఫ్యాను రెక్కల వెంట తిరుగుతూ ఉండేవి.

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజే నరసరాజు గారి అబ్బాయి సత్యదేవ్ వచ్చాడు. చేతిలో కొలత టేపు ఉంది. వేణు లేడా అని అడిగాడు. గది తలుపుకు పరదా వేసి ఉంది. పరదా వెనక మా ఆయన పడుకుని ఉన్నాడు.

"కామెర్లైనయ్ సార్," అన్నాను. "పసరు పోయించుకోనికి ఊరికి పోయిండు. జెర టైం పడ్తది."

కామెర్లని ఎందుకు అన్నానంటే, కామెర్లు తగ్గుతాయి.

సత్యదేవ్ చెడ్డవాడు కాదు. జాగ్రత్తగా చూసుకోమన్నాడు. కామెర్లకు చెరకు రసం మంచిదన్నాడు. తర్వాత టేపు లాగాడు. అది మాటిమాటికీ జారి వెనక్కి పోతుంటే, రెండో కొస కాస్త పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. గేటు నుంచి మా గది గోడ దాకా కొలిచాం. ఇక్కడ కార్లు కడిగే సెంటరు పెడితే బాగుంటుందని చూస్తున్నాడట. ఇప్పుడే ఏం లేదు, కంగారు పడొద్దు అన్నాడు.

"నాన్నగారికి ఆ బండంటే పిచ్చి. అది తిరిగినన్ని రోజులు నేనేం మాట్లాడను. కానీ అరవై ఏళ్ల బండి ఎన్నాళ్లు తిరుగుతుందమ్మా, నువ్వే చెప్పు."

సత్యదేవ్ వెళ్లాక మా అత్త పరదా పక్కకు లాగింది. "బతికున్నోణ్ని ఊరికి తోలేస్తివి గద బిడ్డా," అంది. తిట్టలేదు, ఊరికే అంది. అదే ఎక్కువ తగిలింది.

పండగకు ముందు నరసరాజు గారు ఫోన్ చేసి, వేణు లేడు కదా, ఈసారికి ఆయిల్ వేరే చోట మార్పించనా అని అడిగారు. వద్దు సార్, ఆయన నాకంతా చెప్పి పోయిండు, నేను చేస్తా అన్నాను. అబద్ధమే అయినా పూర్తి అబద్ధం కాదు. ఐదేళ్లుగా, బండి కింద పని చేయడానికి తవ్విన గుంతలోకి పానాలు అందించింది నేనే. ఏ బోల్టు ఎటు తిప్పాలో తెలుసు. తెలియనిది ఒక్కటే. తెల్ల డబ్బాలో ఏ నూనె ఉండేదో తెలియదు.

ఆయన ఆ డబ్బా తెచ్చేది రాణిగంజ్ నుంచి. అక్కడ ఆయనకు తెలియని దుకాణం లేదు. నేను ఒక్కదాన్నే పోతే వేణు ఏడీ అని అడుగుతారు. సాయంత్రానికి చూడటానికి వస్తారు. రేపటికి ఆ మాట సైనిక్‌పురి చేరుతుంది. అందుకే మమ్మల్ని ఎవరూ ఎరగని చోటు వెతుక్కుని బేగంపేట పోయాను. అది అద్దాల దుకాణం. లోపల ఏసీ చల్లగా ఉంది. రంగురంగుల డబ్బాలు గోడ నిండా వరుసగా ఉన్నాయి. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. అక్షరాలు చదవగలను కానీ ఆ డబ్బాల మీదున్న అంకెలు ఏం చెబుతున్నాయో తెలియలేదు.

కౌంటరులో ఉన్నాయన రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ వేసేదట, పలచగా నీళ్లలా తిరుగుతుందట, ఉన్నవాటిలో అదే ఖరీదైనదట. రెండోది జర చిక్కగా ఉంటుంది, పాతకాలం సరుకు అన్నాడు.

"పలచటిదైతే లోపల దారులు మూసుకుపోవు గదన్నా?" అని అడిగాను.

"మూసుకునే సవాలే లేదక్కా."

నాకు డాక్టరు గీసిన బొమ్మ కళ్ల ముందుకొచ్చింది. చిక్కబడటం వల్లే మా ఇల్లు ఇట్లా అయింది. పలచబడటానికే రోజూ మాత్ర వేస్తున్నాను. పాత బండి అంటే పెద్ద ప్రాణం, దానికి మంచిదే పోయాలి అనుకున్నాను. పలచటిదే తీసుకున్నాను.

ఉగాది మర్నాడు నరసరాజు గారు వచ్చి ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని పేపరు తెరిచారు. హిమజ గుంతలో పడుతుందన్న భయానికి దాని నడుముకు నా చున్నీ కట్టి, రెండో కొస బెంచీ కాలికి ముడేశాను. అది ఏడవలేదు. బెంచీ కింద నట్లు పేర్చుకుని, వాళ్ల నాన్న నేర్పిన మూడు అంకెలే మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ కూచుంది. నేను గుంతలోకి దిగి బోల్టు విప్పాను. నల్లటి వేడి నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. బోల్టు మళ్లీ బిగించి, పైకొచ్చి కొత్తది పోశాను. గరాటు నిండనే లేదు. పోసింది పోసినట్టే లోపలికి జారిపోయింది. మా ఆయన పోసేటప్పుడు గరాటు నిండి, ఆగి ఆగి దిగేది. ఆ తేడా నేను చూశాను. చూసి, ఖరీదైన నూనె గదా అనుకున్నాను.

ఇంజన్ మెత్తగా లేచింది. నరసరాజు గారి ముఖం వికసించింది. "వేణు లేడంటే దిగులేసిందమ్మా. నువ్వేం తీసిపోలేదు," అన్నారు. ఆయన వెళ్లాక పరదా తీసి, నిద్రపోతున్న మా ఆయన చెవి దగ్గర చెప్పాను, బండి నడిచింది అని. తర్వాత కొన్ని వారాలు నేను అన్నం సరిగ్గా తిన్నాను.

మే నెల మొదటి వారంలో, ఎండ రేకుల మీద మండుతుండగా, ఆ బండి మళ్లీ వచ్చింది. అది గేటు దాకా రాకముందే చప్పుడు వచ్చింది. టకటక, టకటక, ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు. నరసరాజు గారు దిగి బానెట్ మీద చెయ్యి వేశారు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వెనక, నూనె ఆడటం లేదని చెప్పే ఎర్ర దీపం వెలుగుతోందట. ఇంటి పోర్టికోలో రోజూ పళ్లెమంత నూనె మరక పడుతోందట.

అప్పుడే గదిలోంచి "ఊ" వినిపించింది.

అది అన్నం ఊ కాదు, ఫ్యాను ఊ కాదు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు. ఒకటి తర్వాత ఒకటి, ఊపిరి తీసుకోకుండా. నరసరాజు గారు తల అటు తిప్పబోయారు. నేను గోడ దగ్గరికి పోయి గాలి కంప్రెషర్ స్విచ్ వేశాను.

షెడ్డంతా దడదడలాడింది. ఆ మోతలో నరసరాజు గారు గొంతు పెంచి మాట్లాడారు. నేను టైరు దగ్గర కూచుని, గాలి నిండుగా ఉన్న టైరుకే గాలి పట్టాను. డిప్‌స్టిక్కు తీసి చూస్తే నూనె కింది గీతకు కూడా అందట్లేదు.

"శనివారం దాకా చూస్తానమ్మా," అన్నారాయన. "ఆదివారం ఎవరో మెకానిక్‌కి చూపిస్తానని మావాడు అంటున్నాడు. ఒకసారి వేరే చేతికి వెళ్లాక..." అక్కడే ఆపేశారు. బండి షెడ్డులో వదిలి, ఎండలో నడిచి వెళ్లి ఆటో ఎక్కారు.

కంప్రెషర్ ఆపాను. మా అత్త పరదా దగ్గర నిలబడి ఉంది.

"వాడు నిన్నే పిలుస్తుండె. నువ్వేమో మిషన్ పెడ్తివి."

లోపలికి పోయాను. ఆయన మంచం అంచు దాకా జరిగి ఉన్నాడు. ఎడమ చేత్తో గోడను కొట్టినట్టున్నాడు, వేళ్ల కణుపులు చితికిపోయాయి. నన్ను చూసి అరవడం ఆపాడు. ఎడమ చూపుడు వేలు ఎత్తి, కిందికి వేలాడదీసి, అట్లాగే ఉంచాడు. నీళ్లు కావాలేమో అనుకుని గ్లాసు పట్టాను. తోసేశాడు. మాత్ర ఇచ్చాను, ఉమ్మేశాడు. బయటికి పోవాలా అని అడిగాను. వేలు మాత్రం దించలేదు. దాని కొసనే చూస్తున్నాడు. కాసేపటికి చెయ్యి అలిసి పక్కన పడిపోయేది. మళ్లీ ఎత్తేవాడు. నాకు కోపం వచ్చింది. నీకేం గావాల్నో చెప్పు అని అరిచాను, మాట లేని మనిషి మీద. హిమజ ఏడుపు అందుకుంది. నేను బయటికొచ్చి, ఫియట్ పక్కన నేల మీద కూచుని, ఇక సామాను సర్దుకోవాలి, ఎక్కడికి పోవాలి, మంచం మీది మనిషిని, పిల్లను పెట్టుకుని ఎవరు గది ఇస్తారు అని ఆలోచించాను.

ఎదురుగా బేగంపేట నుంచి తెచ్చిన డబ్బా ఉంది. అడుగున కొంచెం మిగిలింది. మధ్యాహ్నం ఎండకు అది కాలిపోతోంది. ఏమీ తోచక మూత తీసి, డబ్బా వంచి, వేలు ముంచి ఎత్తాను. మొదటి బొట్టు రాలింది. నోట్లో ఒకటి అనేలోపే రెండోది రాలింది. మూడోది, నాలుగోది. నీళ్లలాగే.

నేను నా వేలి వైపు చూశాను. అది కిందికి వేలాడుతూ ఉంది.

మర్నాడు రాణిగంజ్ పోయాను, మా ఆయన ఎప్పుడూ పోయే దుకాణానికే. అక్కడ ఇప్పుడు అక్సా కూచుంటుంది. దుకాణం వాళ్ల నాన్నది, ఆయన రెండేళ్ల కింద పోయాడు. నన్ను చూడగానే అన్న ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగింది. కామెర్లు అన్నాను. నా ముఖంలోకి చూసింది.

"అక్కా, అబ్బా పోయినప్పుడు అన్న మూడు రోజులు ఈ దుకాణం నడిపిండు. నాతోని సచ్ చెప్పు."

చెప్పాను. డబ్బాల మధ్య స్టూలు మీద కూచుని మొత్తం చెప్పాను. ఏ నూనె పోశానో కూడా చెప్పాను. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పలచటి నూనె కొత్త ఇంజన్లకట. పాతదాంట్లో అరిగి అరిగి సందులు పెద్దవవుతాయి, అక్కడ నిలవాలంటే చిక్కటిదే కావాలి, వేడెక్కినా పలచబడనిది. పైగా ఈ కొత్త రకం నూనె లోపల పేరుకున్న మడ్డిని కడిగేస్తుంది, అంతకాలం సందులను మూసిపెట్టింది ఆ మడ్డే అని చెప్పింది.

"డాక్టరేమో పలచనైతే మంచిదన్నడు," అన్నాను.

"ఏ డాక్టర్?" అంది అక్సా. తర్వాత అర్థమై, కౌంటరు దాటి వచ్చి నా భుజం పట్టుకుంది.

తెల్ల డబ్బా నూనె పెద్ద డ్రమ్ములో వచ్చేదట. ఇప్పుడది రావడం లేదు. దానికి దగ్గరగా ఉండేవి మూడు రకాలు ఉన్నాయి. వెడల్పు మూతి ఉన్న ఖాళీ ఊరగాయ సీసాల్లో మూడూ కొంచెం కొంచెం పోసి ఇచ్చింది. వాటిలో ఏది పోయాలో తాను చెప్పలేనంది. "గా ఇంజన్ ఎంత అరిగిందో అన్నకే ఎరుక. అన్ననే అడుగు."

అన్నను అడగమంది. తిరుమలగిరి చేరేదాకా బస్సులో ఆ మాటే తిరిగింది నా తలలో. అడిగితే చెప్పేంత తెలివి లోపల మిగిలి ఉందా? వేలు ఎత్తింది నూనె గురించేనా, లేక నేనే అట్లా అనుకున్నానా? ఇంటికి వచ్చి, ఇంట్లో ఉన్న అలాంటిదే నాలుగో సీసా కడిగి ఆరబెట్టాను. దాంట్లో బేగంపేట నూనె పోశాను. నాలుగు సీసాలూ ఒక్కలాంటివే, ఏది ఏదో నాకు తెలిసేలా అడుగున గీతలు గీసుకున్నాను. ఆయన్ని పరీక్ష పెడుతున్నానని మా అత్తకు చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే నాలుగూ రేకుల మీద ఎండలో పెట్టాను. పన్నెండింటికి మా అత్త, నేను కలిసి ఆయన్ని మంచం మీది నుంచి దించి, చక్రాల పలక మీద పడుకోబెట్టాం. బండి కిందికి దూరడానికి ఆయన రోజూ పడుకునే పలకే అది. దాన్ని తోసుకుంటూ షెడ్డులోకి తెచ్చాను. రెండు నెలల తర్వాత ఆయన వెలుతురు చూశాడు. కళ్లు చికిలించాడు. ఫియట్ పక్కకు రాగానే ఎడమ చెయ్యి చాపి టైరును తాకాడు.

మా అత్త తల కింద చెయ్యి పెట్టి లేపి పట్టుకుంది. మొదటి సీసా ముందు పెట్టాను. అది బేగంపేటది. వేలు ముంచి ఎత్తాడు. బొట్లు గబగబా రాలాయి. ఆయన నూనెను చూడలేదు, నన్ను చూశాడు. తర్వాత మోచేత్తో సీసాను కొట్టాడు. అది దొర్లి గుంతలో పడింది.

నాకు సిగ్గేసింది. అంత సంతోషమిచ్చిన సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

రెండో సీసా. ఎడమ చెయ్యి అలవాటు లేక వణుకుతోంది. బొట్టు కొంచెం నిలిచి రాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మూడో సీసా. వేలు ఎత్తాడు. మొదటి బొట్టు రాలింది. రెండోది కొసన ఊరుతోంది.

"ఒ...కటి," అన్నాడు.

మా అత్త చెయ్యి కదిలింది. నేను కదలొద్దని సైగ చేశాను. బొట్టు బరువెక్కుతోంది. ఆయన పెదవులు ఒక పక్కకు లాగుతున్నాయి, మెడ నరాలు లేచాయి.

"రెం...డు."

ఆ తర్వాతది రాలేదు. నోరు తెరిచి ఉంది, గాలి వస్తోంది, మాట రావడం లేదు. బెంచీ కాలికి కట్టేసిన హిమజ నట్లు వదిలేసి తలెత్తింది.

"మూడు," అంది.

బొట్టు రాలింది.

నేను తల తిప్పేసరికి గేటు దగ్గర నరసరాజు గారు నిలబడి ఉన్నారు. బండిలో మర్చిపోయిన కళ్లద్దాల కోసం వచ్చారట. ఎంతసేపైందో తెలియదు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఉన్నారు, చప్పుడు కాకుండా ఉండటానికేమో.

"కామెర్లన్నావు కదమ్మా," అన్నారు.

ఎప్పుడైంది అని అడిగారు. ఉగాదికి ముందే అన్నాను. ఆయన వచ్చి ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నారు. ఎప్పుడూ బండి ఎదురుగా వేసుకునే కుర్చీ, ఈసారి పలక పక్కన వేసుకున్నారు. మా ఆయన వేలు ఇంకా గాల్లోనే ఉంది, నూనె మణికట్టు మీదికి జారుతోంది. నరసరాజు గారు జేబులోంచి తెల్ల రుమాలు తీసి, ఆ వేలు తుడిచి, చెయ్యి మెల్లగా ఆయన గుండె మీద పెట్టారు.

"కానివ్వమ్మా," అన్నారు నాతో.

ఫోన్ చేస్తే, మూడో సీసాలోని నూనె డబ్బా అక్సా అప్పటికప్పుడు ఆటోలో పంపింది. నేను గుంతలోకి దిగి పలచటి నూనెంతా వదిలేశాను. నల్లటి మడ్డి ముద్దలు ముద్దలుగా పడింది. బోల్టు బిగించి పైకొచ్చి కొత్తది పోశాను. గరాటు నిండింది. ఆగింది. మెల్లగా దిగింది. తాళం తిప్పాను. టకటక మొదలైంది, ఎర్ర దీపం వెలిగింది. మనసులో ఒకటి, రెండు అనుకున్నాను. మూడుకు దీపం ఆరింది. చప్పుడు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మా ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

"ఈ చప్పుడు పోతుందా?" అడిగారు నరసరాజు గారు.

"తెల్వదు సార్," అన్నాను. ఆ ఎండాకాలంలో బండి గురించి ఆయనకు నేను చెప్పిన మొదటి నిజం అదే.

మళ్లీ ఎప్పుడు మార్చాలన్నారు. మడ్డి కదిలింది కాబట్టి నెల రోజులకే మార్చాలన్నాను. ఆయన "ఊ" అన్నారు. మా ఆయన ఊలకు అర్థాలు వెతికి వెతికి వచ్చినదాన్ని, ఆ ఊకి మాత్రం అర్థం దొరకలేదు. షెడ్డు గురించి ఒక్క మాట అనకుండా బండి ఎక్కి వెళ్లిపోయారు.

నెలంతా ఫోన్ రాలేదు. సత్యదేవ్ ఒకసారి రోడ్డుకు అవతల కారు ఆపి, ఎవరికో మా షెడ్డు చూపిస్తూ మాట్లాడాడు. లోపలికి రాలేదు. నేను వంటసామాను సగం గోనెసంచిలో సర్దాను, మళ్లీ అవసరమై తీశాను, మళ్లీ సర్దాను. మా ఆయన లెక్క రెండు దగ్గరే ఆగేది. రోజూ పొద్దున హిమజ ఆయన పక్కన కూచుని మూడు అందించేది. నాలుగు దానికీ రాదు.

మృగశిర కార్తె వచ్చిన రోజు మబ్బు పట్టి, మధ్యాహ్నానికి వాన దంచింది. రేకుల మీద చప్పుడుకు ఏమీ వినబడటం లేదు. వాన కొంచెం తగ్గాక వినిపించింది. మెత్తగా, అడుగున సన్నటి టకటకతో. గదిలోంచి "ఊ" అని కేక వచ్చింది.

నా చెయ్యి కంప్రెషర్ స్విచ్ మీదికి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. ఒక క్షణం అక్కడే ఉంచి, తీసేశాను. పరదా మొత్తం పక్కకు లాగి, వానలోనే గేటు తీశాను.

నరసరాజు గారు గొడుగు లేకుండా దిగి, వెనక సీట్లోంచి నూనె డబ్బా తీశారు, ఆ మూడో సీసాలో ఉన్న రకమే. అది చంకలో పెట్టుకుని ఆకాశం వైపు చూశారు.

"ఎండ లేదు కదమ్మా. వేణు ఎలా చూస్తాడు?"

డబ్బా అందుకున్నాను. "వేన్నీళ్లల్ల పెడ్త సార్," అని చెప్పి పొయ్యి దగ్గరికి నడిచాను. లోపల మా ఆయన అప్పుడే ఒకటి అంటున్నాడు.